ఉబుంటు డాక్ రూపు మార్చాలంటే ఏ దారి పట్టాలి?

ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదటిసారి ఎక్కించినవాళ్ల చూపు నేరుగా ఎడమ అంచుకే పోతుంది. పై నుంచి కింది దాకా నిలువుగా సాగిన ఆ ఐకాన్ల పట్టీనే డాక్ అంటారు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిశాక పాత ల్యాప్‌టాప్‌ను ఇటు మళ్లించినవాళ్లకు ఆ పట్టీ కిందికి దిగాలి. మ్యాక్ మీద మనసు పడ్డవాళ్లకు అది కింద నడిమధ్యన, గుండ్రటి అంచులతో తేలుతూ ఉండాలి. ఇంకొందరికి పని ఉన్నప్పుడు కనబడి, లేనప్పుడు తప్పుకుంటే చాలు. ఈ మూడు కోరికలకూ మందు ఒకటి కాదు.

ఎడమన నిలువు పట్టీ ఉబుంటుకు కొత్తేమీ కాదు. 2011 ఏప్రిల్‌లో వచ్చిన 11.04 వెర్షన్‌తో యూనిటీ డెస్క్‌టాప్ అందరికీ వచ్చినప్పటి నుంచీ అది అక్కడే ఉంది. 16.04 దాకా దాన్ని కిందికి జరుపుకునే వీలు కూడా ఇవ్వలేదు. 2017 అక్టోబర్‌లో 17.10తో ఉబుంటు మళ్లీ గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌కు వచ్చింది. అప్పుడు డ్యాష్ టు డాక్ అనే ఎక్స్‌టెన్షన్‌ను (గ్నోమ్‌కు విడిగా తగిలించే చిన్న ప్రోగ్రామ్‌ను) తీసుకుని, కొన్ని మార్పులు చేసి, ఉబుంటు డాక్ అని పేరు పెట్టి లోపలే ఉంచారు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతా కథ సగం అర్థమైనట్టే. ఇప్పుడు మీ తెర మీద ఉన్నది డ్యాష్ టు డాక్ తమ్ముడే. అన్న చేసే పనుల్లో చాలావరకు తమ్ముడికీ వచ్చు, కాకపోతే మెనూలో చూపించదు.

ముందే తేల్చి చెబితే ఇలా ఉంటుంది. చోటు, సైజు, దాక్కోవడం మాత్రమే మార్చుకోవాలంటే సెట్టింగ్స్ చాలు, ఏమీ ఎక్కించవద్దు. రంగు, పారదర్శకత, క్లిక్ చేస్తే ఏం జరగాలి అన్నవి మార్చాలంటే దాగున్న అమరికలు చూపే డీకాన్ఫ్ ఎడిటర్ గానీ డ్యాష్ టు డాక్ గానీ. విండోస్ టాస్క్‌బార్ అలవాటు వదలనివాళ్లకు డ్యాష్ టు ప్యానెల్ అనే ఎక్స్‌టెన్షన్. ఐకాన్ మీద మౌస్ పెడితే ఉబ్బే మ్యాక్ విన్యాసం కావాలంటే ప్లాంక్ అనే విడి డాక్, అదీ గ్నోమ్ మీద వద్దు. ప్రతి అంగుళం మీ ఇష్టప్రకారం ఉండాలంటే డెస్క్‌టాపే మార్చి కేడీఈ ప్లాస్మాకు వెళ్లడం మేలు.

రూపు కంటే ముందు చోటు

పాత 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ వాటి తెర 1366×768. అందులో పై బార్ సుమారు 30 పిక్సెళ్లు తీసుకుంటుంది. 48 పిక్సెళ్ల ఐకాన్లున్న డాక్ చుట్టూ ఉండే ఖాళీతో కలిపి దాదాపు 70 తింటుంది. డాక్‌ను కింద పెడితే ఎత్తులో 100 పోయి 668 మిగులుతాయి. అందులో బ్రౌజర్ ట్యాబ్‌లు, అడ్రస్ పట్టీ పోగా పేజీ చదువుకోవడానికి 580కి అటూ ఇటూ. అదే డాక్ ఎడమనే ఉంటే ఎత్తు 738 చేతిలో ఉంటుంది. వెడల్పు 1296కి తగ్గినా వెబ్ పేజీలకు అది ధారాళంగా సరిపోతుంది. అందుకే 768 ఎత్తున్న తెర మీద డాక్‌ను కిందికి దింపి శాశ్వతంగా ఉంచడం సొంత ఇంటి వసారా అద్దెకిచ్చినట్టే. దింపి తీరాలంటే ఐకాన్ 32కి తగ్గించండి, లేదా పని లేనప్పుడు దాక్కునేలా ఆటో హైడ్ పెట్టండి.

1920×1080 తెరకు ఈ లెక్కలు అంత పట్టింపు లేదు. కానీ 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లో 125 శాతం స్కేలింగ్ పెట్టుకున్నవాళ్లు ఒకటి గమనించాలి: 48 అని రాసి ఉన్న ఐకాన్ అసలు పిక్సెళ్లలో 60 అవుతుంది. డాక్ లావుగా కనబడటానికి చాలాసార్లు అదే కారణం.

సెట్టింగ్స్‌లోనే ఉన్నవి

24.04లో సెట్టింగ్స్ తెరిచి ఉబుంటు డెస్క్‌టాప్ అనే పేజీకి వెళ్లండి. 22.04లో ఇవే అప్పియరెన్స్ పేజీలో ఉంటాయి. డాక్ కింద ఆటో హైడ్, ప్యానెల్ మోడ్, ఐకాన్ సైజు, ఏ తెర మీద చూపాలి, ఏ పక్కన ఉండాలి అన్నవి వరుసగా కనిపిస్తాయి. ఐకాన్ సైజు జారుడు మీట 16 నుంచి 64 దాకా నడుస్తుంది. చోటు ఎడమ, కింద, కుడి. పైన పెట్టుకునే వీలు ఇక్కడ లేదు.

ఎక్కువమంది చూసీ చూడనట్టు వదిలేసేది ప్యానెల్ మోడ్. దాన్ని ఆపి, చోటు కిందికి మార్చి, ఐకాన్ సైజు 40 దగ్గర పెడితే పట్టీ అంచుల దాకా సాగకుండా ఐకాన్లు ఉన్నంత మేరకే కుదించుకుని, గుండ్రటి మూలలతో మధ్యలో నిలబడుతుంది. మ్యాక్ రూపు కోసం వచ్చినవాళ్లలో సగం మందికి పని ఇక్కడే అయిపోతుంది, అరనిమిషంలో.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ప్యానెల్ మోడ్ ఆపినా డాక్ తన అడ్డపట్టీ చోటును వదులుకోదు. ఇరువైపులా వాల్‌పేపర్ కనిపిస్తూ ఖాళీగా ఉంటుంది కానీ, మ్యాగ్జిమైజ్ చేసిన విండో ఆ ఖాళీలోకి దిగదు. కింద 60 పిక్సెళ్లు ఊరికే పోయినట్టు కనిపిస్తుంది. ఆటో హైడ్ కూడా పెడితేనే విండో అంచు దాకా వస్తుంది. కాబట్టి ఈ రెండు మీటలనూ జంటగానే చూడాలి: ప్యానెల్ మోడ్ ఆపినప్పుడు ఆటో హైడ్ పెట్టండి, ఆటో హైడ్ వద్దనుకుంటే ప్యానెల్ మోడ్ ఉండనివ్వండి.

ఆ పేజీలోనే డాక్ నడవడి అనే లింక్ ఒకటి ఉంటుంది. డాక్ చివర కనిపించే చెత్తబుట్ట, పెన్‌డ్రైవ్‌లు, డిస్క్ భాగాలు అక్కడి నుంచే తీసేయొచ్చు. విండోస్, ఉబుంటు రెండూ ఉన్న మెషీన్‌లో డాక్ నిండా డిస్క్ బొమ్మలే కనబడుతున్నాయంటే, అన్‌మౌంటెడ్ వాల్యూమ్స్ అన్న టిక్కు తీసేస్తే తేలికవుతుంది.

మెనూలో లేనివి: డీకాన్ఫ్ ఎడిటర్

ఉబుంటు డాక్ తన అమరికలన్నీ డ్యాష్ టు డాక్ పేరుతోనే దాచుకుంటుంది. వాటిని తెరిచి చూపే సాధనం డీకాన్ఫ్ ఎడిటర్. 24.04లోని యాప్ సెంటర్‌లో వెతికితే ముందు స్నాప్ ప్యాకేజీలే వస్తాయి. పైనున్న ఫిల్టర్‌ను డెబియన్ ప్యాకేజీలకు మారిస్తే ఇది దొరుకుతుంది. తెరిచాక ఆర్గ్, గ్నోమ్, షెల్, ఎక్స్‌టెన్షన్స్, డ్యాష్-టు-డాక్ వరసలో లోపలికి దిగాలి.

అందరూ అడిగేది క్లిక్-యాక్షన్. తెరిచి ఉన్న యాప్ ఐకాన్ మీద మళ్లీ నొక్కితే విండో కిందికి ముడుచుకోవాలి, విండోస్‌లో లాగా. డిఫాల్ట్ వాడుకోకుండా విలువను మినిమైజ్ చేస్తే అలాగే జరుగుతుంది. ఒకే యాప్‌వి మూడు నాలుగు విండోలు తెరిచేవాళ్లు ఉత్త మినిమైజ్ పెట్టుకుంటే అన్నీ ఒక్కసారిగా మాయమై చికాకు పెడతాయి. వాళ్లకు మినిమైజ్-ఆర్-ప్రివ్యూస్ నయం: ఒక విండో ఉంటే ముడుచుకుంటుంది, ఎక్కువుంటే చిన్న బొమ్మలుగా చూపిస్తుంది.

రెండోది పారదర్శకత. బ్యాక్‌గ్రౌండ్-ఒపాసిటీ అన్న చోట 0.8ని 0.3 చేసి, ఏమీ మారలేదని తలపట్టుకునేవాళ్లు ఎక్కువ. మారదు మరి. ట్రాన్స్‌పరెన్సీ-మోడ్ డిఫాల్ట్‌లో ఉన్నంతసేపూ డాక్ థీమ్ చెప్పినట్టే వింటుంది, మీ అంకెను పట్టించుకోదు. ముందు దాన్ని ఫిక్స్‌డ్ చేయాలి, ఆ తర్వాతే అంకె పనిచేస్తుంది. మూడో విలువ డైనమిక్: విండో ఏదీ దగ్గర లేనప్పుడు పలచగా, విండో వచ్చి తగిలినప్పుడు చిక్కగా మారుతుంది. దానికి కనిష్ఠ, గరిష్ఠ ఆల్ఫా (చిక్కదనం) విలువలు వేరే ఉన్నాయి. కస్టమైజ్-ఆల్ఫాస్ ఆన్ చేస్తేగానీ అవి కూడా లెక్కలోకి రావు. 0.3 కంటే తగ్గించవద్దన్నది మా మాట. లేత రంగు వాల్‌పేపర్ మీద తెల్ల గీతల ఐకాన్లు అందులో కలిసిపోతాయి.

యాప్ నడుస్తోందని చెప్పే చుక్కల రూపు రన్నింగ్-ఇండికేటర్-స్టైల్‌లో ఉంటుంది. చుక్కలు, చతురస్రాలు, గీతలు, మెట్రో ఇలా పలు రకాలు. రుచిని బట్టి ఎంచుకోండి, చెడిపోయేదేమీ లేదు.

ఏదైనా గందరగోళమైతే డ్యాష్-టు-డాక్ వరసలోనే పైనున్న మెనూ నుంచి ఆ విభాగం మొత్తాన్ని డిఫాల్ట్‌కు తెచ్చుకోవచ్చు. డాక్ మళ్లీ ఉబుంటు ఇచ్చిన రూపుకు వెళ్లిపోతుంది.

డ్యాష్ టు డాక్ ఎప్పుడు అవసరం?

పైన చెప్పినవన్నీ డీకాన్ఫ్‌లోనే అవుతుంటే ఇంకో ఎక్స్‌టెన్షన్ ఎందుకన్నది సబబైన ప్రశ్నే. ఉబుంటు వాడేవాళ్లకు నిజంగా దాని అవసరం తక్కువ. ఫెడోరా అనే లినక్స్‌లో లాగా అసలైన గ్నోమ్ వాడేవాళ్లకు మాత్రం ఇదే దిక్కు. అక్కడ విండోస్ గుర్తున్న కీ నొక్కి ఓవర్‌వ్యూలోకి వెళ్తేగానీ డాక్ కనబడదు. ఉబుంటులో దీన్ని ఎంచుకోవడానికి మిగిలే కారణం ఒక్కటే, అమరికలన్నీ ట్యాబ్‌లున్న ఒకే కిటికీలో మీటలుగా దొరుకుతాయి, పేర్లు వెతుక్కోనక్కర్లేదు.

ఎక్కించేముందు ఎక్స్‌టెన్షన్ మేనేజర్ అనే యాప్ పెట్టుకోండి. బ్రౌజర్ నుంచి ఎక్స్‌టెన్షన్లు ఎక్కించే దారి కూడా ఉంది కానీ, దానికి బ్రౌజర్‌కూ సిస్టమ్‌కూ మధ్య ఒక కనెక్టర్ కావాలి, చాలామంది అక్కడే ఇరుక్కుంటారు. మేనేజర్‌లో సిస్టమ్ ఎక్స్‌టెన్షన్ల వరుసలో ఉబుంటు డాక్‌ను ముందు ఆపి, అప్పుడు డ్యాష్ టు డాక్ వెతికి ఎక్కించాలి. రెండూ కలిసి నడవకూడదు. రెండూ ఒకే అమరికల పెట్టెను పంచుకుంటాయి కాబట్టి, ఒకదానిలో మార్చింది రెండోదానికీ అంటుకుంటుంది. తిరిగి ఉబుంటు డాక్‌కు వచ్చాక కూడా పాత మార్పులు అలాగే ఉన్నాయేమిటని కంగారుపడకండి.

దీనిలో ఐకాన్ సైజు దగ్గర రాసి ఉన్నది పరిమితి మాత్రమే. 64 పెట్టినా 20 యాప్‌లు పిన్ చేస్తే అన్నీ పట్టేలా ఐకాన్లను తనే కుదిస్తుంది. సైజు కదలకూడదంటే ఫిక్స్‌డ్ ఐకాన్ సైజ్ ఆన్ చేయాలి. అప్పుడు పట్టని ఐకాన్లు మౌస్ చక్రం తిప్పితే వస్తాయి. బిల్ట్-ఇన్ థీమ్ అన్న మీట వేసి ఉంటే ఒపాసిటీ, రంగు మీటలు పనిచేయవు. అప్పియరెన్స్ ట్యాబ్‌లో ముందు చూడాల్సింది అదే.

బ్లర్ మై షెల్ అనే ఇంకో ఎక్స్‌టెన్షన్‌తో డాక్ వెనక మసక అద్దం రూపు వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది. ఎనిమిది, పదేళ్ల నాటి ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్ మీద మాత్రం ఓవర్‌వ్యూ తెరిచిన ప్రతిసారీ కదలిక తడబడుతుంది. పైగా డాక్ వెనక రంగును అది తన చేతిలోకి తీసుకుంటుంది కాబట్టి మీరు పెట్టిన ఒపాసిటీతో తగువు పడుతుంది. మసక కావాలంటే డాక్ ఒపాసిటీ మీటలు వదిలేసి దాన్లోనే సర్దుకోవాలి.

విండోస్ అలవాటుకు డ్యాష్ టు ప్యానెల్

ఇది డాక్‌నూ పై బార్‌నూ కలిపి ఒకే పట్టీ చేస్తుంది. యాప్‌లు, గడియారం, వైఫై, బ్యాటరీ అన్నీ కింద ఒకే వరుసలో ఉంటాయి. 768 ఎత్తు తెరకు ఇదే సరైన బేరం: పైన 30, కింద 70 పోయే చోట మొత్తం 48తో సరిపోతుంది. డాక్‌ను కిందికి దింపితీరాలనే చిన్న తెరవాళ్లకు మేం ముందు సూచించేది ఇదే.

ఉబుంటు డాక్‌ను ఇది తనే ఆపేస్తుంది. ఒకవేళ దీన్ని తీసేశాక ఎడమ పట్టీ తిరిగి రాకపోతే, ఎక్స్‌టెన్షన్ మేనేజర్‌లో ఉబుంటు డాక్‌ను చేత్తో ఆన్ చేయాలి.

పొజిషన్ ట్యాబ్‌లో పట్టీలోని ప్రతి భాగం ఒక వరుసగా కనిపిస్తుంది. యాప్‌ల బటన్, యాక్టివిటీస్, టాస్క్‌బార్, తేదీ, సిస్టమ్ మెనూ ఇలా. బాణాలతో వాటి క్రమం మార్చొచ్చు, వద్దనుకున్నదాన్ని కనబడకుండా చేయొచ్చు. విండోస్ 11 లాగా ఐకాన్లు మధ్యలో ఉండాలంటే టాస్క్‌బార్ వరుసలో తెర మధ్యకు అన్న ఎంపిక పెట్టాలి. ఉత్త మధ్యకు అంటే కుదరదు. అది మిగిలిన ఖాళీకి మధ్యన నిలుపుతుంది, కుడివైపు గడియారం వెడల్పు వల్ల ఐకాన్లు ఒక పక్కకు ఒరిగినట్టు ఉంటాయి.

ఐకాన్ సైజు అని ఇక్కడ విడిగా మీట కనబడదు, పట్టీ మందం, ప్యాడింగ్ కలిసి దాన్ని తేలుస్తాయి. మందం 48, ప్యాడింగ్ 4 అయితే రెండు వైపులా 8 పోయి ఐకాన్‌కు 40 మిగులుతుంది. మందం 36కి తగ్గించి ప్యాడింగ్ అలాగే వదిలేస్తే 28. ఐకాన్లు మరీ చీమల్లా కనిపిస్తే మందం పెంచేముందు ప్యాడింగ్‌ను 2 చేసి చూడండి. ఐకాన్‌కూ ఐకాన్‌కూ నడుమ ఎడం మార్జిన్ అనే వేరే మీటది.

విండోలను గుంపు చేయకుండా ఒక్కోదానికి పేరుతో పలక చూపే వీలు కూడా ఇందులో ఉంది, పాత విండోస్‌లో లాగా. రోజూ ఐదారు ఫైళ్లు పక్కపక్కన తెరిచే లెక్కల పనివాళ్లకు ఇదొక్కటే చాలు దీన్ని ఎంచుకోవడానికి. ఫైల్ పేర్లు తెలుగులో పెట్టుకునేవాళ్లు మాత్రం పట్టీని మరీ సన్నం చేయవద్దు. గుడులకు పైన, ఒత్తులకు కింద చోటు కావాలి. మందం 40కి తగ్గకుండా చూసుకుని, పేర్ల అక్షరాల సైజును ఒక మెట్టు తగ్గించుకోవడం నయం.

తెలుగులో టైప్ చేసేవాళ్లు ఇంకొకటి గమనించాలి. కీబోర్డు ఇంగ్లిష్‌లో ఉందా తెలుగులో ఉందా అని చూపే చిన్న గుర్తు పై బార్‌లో కుడివైపు ఉంటుంది. డ్యాష్ టు ప్యానెల్‌లో అది కింది పట్టీలో రైట్ బాక్స్ అనే భాగంలోకి వస్తుంది. పట్టీ శుభ్రంగా కనబడాలని రైట్ బాక్స్‌ను దాచేస్తే ఆ గుర్తూ పోతుంది. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతూనే ఉంటుంది కానీ, ఏ భాషలో ఉన్నామో పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పాకగానీ తెలియదు.

ప్లాంక్: ఎక్కడ మంచిది, ఎక్కడ కాదు

మౌస్ వెళ్లిన చోటల్లా ఐకాన్ ఉబ్బే జూమ్ కావాలంటే ప్లాంక్‌నే ఎంచుకుంటారు. చాలా తేలికైనది, పాత మెషీన్‌ను కూడా బరువు చేయదు. ఎలిమెంటరీ ఓఎస్ ఏళ్లపాటు దీన్నే వాడింది, 8వ వెర్షన్‌లో తన సొంత డాక్‌కు మారింది. మారడానికి కారణం ఏ సైట్‌లోని అందమైన స్క్రీన్‌షాట్‌లోనూ కనబడదు: ప్లాంక్ తెర మీద విండోలు చూపే పాత వ్యవస్థ ఎక్స్11 కోసం రాసినది, దాని స్థానంలో వచ్చిన వేల్యాండ్‌లో పనిచేయదు.

24.04లో లాగిన్ తెర మూలనున్న గేర్ బొమ్మ నొక్కి ఉబుంటు ఆన్ ఎక్స్‌ఆర్గ్ (అంటే ఎక్స్11) ఎంచుకుంటే ప్లాంక్ నడుస్తుంది. 25.10 నుంచి ఉబుంటు డెస్క్‌టాప్‌లో ఆ దారి మూసేశారు. అంటే ఇప్పుడు కష్టపడి అమర్చుకున్నది తర్వాతి అప్‌గ్రేడ్‌తో పోతుంది. గ్నోమ్ మీద ప్లాంక్ వద్దనడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

ఎక్స్ఎఫ్‌సీఈ, మాటే అనే తేలికైన డెస్క్‌టాప్‌ల మీద సంగతి వేరు. ఉబుంటు మాటేలో అయితే మాటే ట్వీక్ తెరిచి కుపర్టినో అనే అమరిక ఎంచుకుంటే చాలు, ప్లాంక్‌తో సహా అంతా సిద్ధమవుతుంది. ఎక్స్ఎఫ్‌సీఈతో వచ్చే జుబుంటులో, మింట్ ఎక్స్ఎఫ్‌సీఈలో మనమే చేసుకోవాలి: ప్లాంక్ ఎక్కించి, సెషన్ అండ్ స్టార్టప్‌లోని ఆటోస్టార్ట్ వరుసలో చేర్చాలి. మింట్‌లో కింద ఉన్న ప్యానెల్‌ను పైకి జరపకపోతే రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి.

అక్కడ అందరికీ ఎదురయ్యే చిత్రం ఒకటుంది. ప్లాంక్ పైభాగాన, తెరకు అడ్డంగా ఒక సన్నటి నీడగీత కనిపిస్తుంది. ప్లాంక్ థీమ్‌లు ఎన్ని మార్చినా పోదు, ఎందుకంటే అది ప్లాంక్ గీసింది కాదు. ప్లాంక్ విండో కంటికి కనబడే దానికంటే పొడుగు. జూమ్ అయిన ఐకాన్లకు చోటు కోసం పైన పారదర్శకంగా ఖాళీ ఉంచుకుంటుంది. విండో మేనేజర్ ఆ ఖాళీ అంచుకు నీడ వేస్తుంది. విండో మేనేజర్ ట్వీక్స్ తెరిచి, కాంపోజిటర్ ట్యాబ్‌లో డాక్ విండోల కింద నీడ అన్న టిక్కు తీస్తే గీత పోతుంది. కాంపోజిటర్ (నీడలు, పారదర్శకత చూపే భాగం) మొత్తాన్నీ ఆపేశారో, పారదర్శకత పోయి డాక్ వెనక నల్లటి దిమ్మ కనిపిస్తుంది.

ప్లాంక్ అమరికల కోసం డాక్ మీద కంట్రోల్ కీ పట్టుకుని కుడి క్లిక్ చేయాలి. ఉత్త కుడి క్లిక్‌తో ఆ ఐకాన్ మెనూ మాత్రమే వస్తుంది, దారి తెలియక వెతికేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. జూమ్ 150 డిఫాల్ట్. 48 ఐకాన్‌కు 130 చాలు. 200 దాకా పెంచితే పక్క ఐకాన్లు జరిగిపోయి గురి తప్పుతుంది. థీమ్ ఫైల్లో ఎడం అంకెలు పిక్సెళ్లు కావు, ఐకాన్ సైజులో పదో వంతు లెక్క. ఐటమ్‌ప్యాడింగ్ 2.5 అంటే 48 ఐకాన్‌కు 12 పిక్సెళ్లు. పిక్సెళ్లనుకుని 10 రాస్తే ఐకాన్ల మధ్య గజం దూరం వస్తుంది.

కేడీఈ ప్లాస్మా

ఎక్స్‌టెన్షన్లు లేకుండా ఇన్ని రూపులు ఇవ్వగలిగింది ప్లాస్మా ఒక్కటే. 6వ వెర్షన్ 2024 ఫిబ్రవరి 28న వచ్చింది. పట్టీ మీద కుడి క్లిక్ చేసి దాని అమరికలు తెరిస్తే చోటు నాలుగు వైపులా, వెడల్పు తెర నిండా లేదా ఐకాన్ల మేరకు, తేలుతూ ఉండాలా అంచుకు అంటుకోవాలా, ఎంత మందం అన్నీ ఒకే కిటికీలో ఉంటాయి. డాక్ రూపు కోసం వెడల్పును ఐకాన్ల మేరకు, కనబడే తీరును డాడ్జ్ విండోస్‌కు పెట్టండి. విండో వచ్చి తగిలితేనే పట్టీ తప్పుకుంటుంది, లేకపోతే అక్కడే ఉంటుంది. మా లెక్కలో ఆటో హైడ్ కంటే ఇదే సుఖం.

ప్లాస్మా అనగానే కొందరు లేటే డాక్ గురించి చెబుతారు. పాత వీడియోలు చూసి దాని వెంట పడవద్దు. రాసినాయన 2022లోనే పని ఆపేశారు, ప్లాస్మా 6కు అది రాలేదు. ప్లాస్మాతో వచ్చే ఉబుంటు రకమైన కుబుంటు 24.04లో ఉన్నది ప్లాస్మా 5.27, 6 కావాలంటే 24.10 తర్వాతివి. జూమ్ మాత్రం ప్లాస్మా సొంత పట్టీలో లేదు.

దాక్కున్న డాక్ బయటికి రాకపోతే

ఆటో హైడ్ పెట్టాక వచ్చే ఫిర్యాదు ఇదే. గ్నోమ్ డాక్‌లు మౌస్ అంచును తాకితే చాలదంటాయి, కాస్త నెట్టాలి. తెర అంచు దాకా వచ్చాక కూడా మౌస్‌ను అదే వైపు కదిపితే, ఆ ఒత్తిడి ఒక హద్దు దాటినప్పుడే డాక్ వస్తుంది. పొరపాటున అంచు తాకినప్పుడల్లా పైకి రాకుండా పెట్టిన ఏర్పాటది. వర్చువల్ మెషీన్‌లో మౌస్ అంచు దాటి హోస్ట్‌లోకి జారిపోతుంది కాబట్టి ఒత్తిడే పుట్టదు, డాక్ రాదు. డ్యాష్ టు డాక్ అమరికల్లో ఇంటెలిజెంట్ ఆటోహైడ్ పక్కనున్న గేర్ నొక్కి, నెడితేనే చూపు అన్న మీటను ఆపేస్తే సరిపోతుంది.

రెండు మానిటర్లలో ఎడమ డాక్ ఉన్న తెరకు ఎడమవైపునే రెండో తెర ఉంటే, మౌస్ అవతలి తెరకు జారిపోవచ్చు. డాక్‌ను కుడికో కిందికో మార్చడం, లేదా డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో తెరల వరుస తిప్పడం మేలు.

ఒకే యాప్‌కు రెండు ఐకాన్లు

పిన్ చేసిన ఐకాన్ నొక్కితే, యాప్ తెరుచుకుని డాక్ చివర అదే యాప్‌కు ఇంకో ఐకాన్ వస్తుంది, తరచూ పళ్లచక్రం బొమ్మతో. ఎక్కించకుండా నేరుగా నడిపే యాప్‌ఇమేజ్ ఫైళ్లతో ఇది మామూలే, ఏ డాక్ పెట్టుకున్నా వెంటాడుతుంది. తెరిచిన విండోకూ లాంచర్ ఫైల్‌కూ పేరు కలవకపోవడమే కారణం. ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కి, చిన్న అక్షరాల్లో ఎల్, జి అని టైప్ చేసి ఎంటర్ కొడితే లుకింగ్ గ్లాస్ తెరుచుకుంటుంది. అందులో విండోస్ ట్యాబ్‌లో ఆ యాప్ విండో కింద డబ్ల్యూఎం క్లాస్ అని ఉన్న పేరు రాసుకోండి. హోమ్ ఫోల్డర్‌లోని డాట్ లోకల్, షేర్, అప్లికేషన్స్‌లో ఆ యాప్ డెస్క్‌టాప్ ఫైల్ తెరిచి, స్టార్టప్‌డబ్ల్యూఎంక్లాస్ అనే వరుస చేర్చి, సమానం గుర్తు తర్వాత ఆ పేరును ఉన్నది ఉన్నట్టు రాయాలి. స్టార్టప్‌డబ్ల్యూఎంక్లాస్‌లో మాటల నడుమ ఖాళీ ఉండకూడదు. మొదటి ఎస్, డబ్ల్యూ, ఎం, క్లాస్‌లోని సి పెద్ద అక్షరాలు. ఆ తర్వాత యాప్ మూసి, పాత పిన్ తీసి, మళ్లీ పిన్ చేయాలి.

అప్‌గ్రేడ్ ముందు

ప్రతి ఎక్స్‌టెన్షన్ తాను ఏ గ్నోమ్ వెర్షన్లకు పనికొస్తుందో రాసుకుని ఉంటుంది. ఆ వరుసలో కొత్త వెర్షన్ లేకపోతే గ్నోమ్ దాన్ని లోపలికి రానివ్వదు. 2023 సెప్టెంబర్‌లో గ్నోమ్ 45 వచ్చినప్పుడు ఎక్స్‌టెన్షన్లు రాసే పద్ధతే మారి, అప్పటిదాకా ఉన్నవన్నీ తిరిగి రాసుకోవాల్సి వచ్చింది. 24.04 లాంటి, ఏళ్ల తరబడి మద్దతుండే ఎల్‌టీఎస్‌లో గ్నోమ్ 46 దగ్గరే నిలబడి ఉంటుంది కాబట్టి, ఒకసారి అమర్చుకున్న డాక్ ఏళ్లపాటు కదలదు. ఆరునెలలకోసారి వచ్చే వెర్షన్లకు 9 నెలల మద్దతే. వాటి మీద ఉన్నవాళ్లు అప్‌గ్రేడ్ నొక్కేముందు ఎక్స్‌టెన్షన్ మేనేజర్‌లో తమ డాక్ కొత్త గ్నోమ్‌కు సిద్ధమైందో లేదో చూసుకోవాలి.

డ్యాష్ టు ప్యానెల్‌లో అమరికలను ఫైల్‌గా ఎగుమతి చేసుకునే బటన్ అబౌట్ ట్యాబ్‌లోనే ఉంది. డ్యాష్ టు డాక్‌కు అలాంటి బటన్ లేదు. మార్చిన విలువలు ఐదారే ఉంటే డీకాన్ఫ్ ఎడిటర్‌ను స్క్రీన్‌షాట్ తీసుకుంటే సరి.

వేల్యాండ్‌లో ఎక్స్‌టెన్షన్‌కు కొత్త వెర్షన్ వస్తే లాగౌట్ చేసి లాగిన్ అయితేనే అది అమల్లోకి వస్తుంది. అప్‌గ్రేడ్ తర్వాత లాగిన్ కాగానే తెర నల్లబడి నిలిచిపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. అక్షరాల తెర వస్తుంది, యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లండి. హోమ్‌లోని డాట్ లోకల్, షేర్, గ్నోమ్-షెల్‌లో ఎక్స్‌టెన్షన్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. దాని పేరు మార్చి మెషీన్‌ను రీస్టార్ట్ చేస్తే మీరు ఎక్కించినవేవీ లేకుండా తెరుచుకుంటుంది. ఆ ఫోల్డర్‌ను చెరిపేయకండి. కొత్తగా ఎక్స్‌టెన్షన్స్ అనే పేరుతోనే ఖాళీ ఫోల్డర్ చేసి, పాతదాన్లోంచి ఒక్కొక్కటే అందులోకి తెస్తూ, ప్రతిసారీ లాగౌట్ చేసి చూస్తే తప్పు ఎవరిదో బయటపడుతుంది.